దుప్పటి కింద క్లాస్ ఎ ఆంప్లిఫయర్

మీకు బాగా ఇష్టమైన వస్తువును, పేరు తెలియకుండా, ధర తెలియకుండా, కంటితో చూడకుండా, "ఇదే మంచిది" అని మీరెప్పుడైనా గుర్తుపట్టి చూపించారా? అది కాఫీ పొడి కావచ్చు, పట్టుచీర కావచ్చు, మీరు ఊళ్లో ఉన్నప్పటినుంచీ వాడుతున్న వేరుశనగ నూనె కావచ్చు. నిజం చెప్పండి. చూపించలేదు కదా. చూపించకుండానే జీవితమంతా దాని తరఫున కొట్లాడారు కదా. బాధపడకండి, మీలాంటివాళ్లు పెద్ద పెద్ద భవంతుల్లో కూడా ఉన్నారు. వాళ్లలో ఒకాయన ఇంట్లో నా కువైట్ ఉద్యోగం ఒక దుప్పటి అంచున వేలాడిన సంగతే ఇది.

ఆ రోజుల్లో నాకు జవాబుల కంటే ప్రశ్నలంటేనే ప్రేమ. మాది రాయచోటి దగ్గర పల్లె. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతూనే హేతువాద సంఘంలో తిరిగేవాణ్ణి. ఊరి కూడళ్లలో బల్ల వేసుకుని, ఉత్త చేతుల్లోంచి విబూది రాల్చి, కొబ్బరికాయలోంచి మంట పుట్టించి, తర్వాత ఆ కిటుకేమిటో జనానికి విప్పి చెప్పేవాళ్లం. నా వంతుకు సోదె చెప్పేవాళ్ల మీద ప్రసంగం ఉండేది. "వాడు మీ చెయ్యి చూడడు, మీ మొహం చూస్తాడు. మీ కనుబొమ్మ కదిలిందా, వాడికి జవాబు దొరికినట్టే" అంటూ నా కనుబొమ్మలు ఎగరేసి చూపించేవాణ్ణి. చప్పట్లు బాగానే పడేవి. (ఒక ఊళ్లో రాళ్లు కూడా పడ్డాయి. వాదానికి జవాబు లేనప్పుడు పడేవి రాళ్లేనని, కాబట్టి ఆ సభ మనం గెలిచినట్టేనని మా అధ్యక్షుడు తల కట్టు కట్టించుకుంటూ ప్రకటించాడు.)

అలాంటి నోరు వేసుకుని నేను కువైట్ చేరాను. మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క, ఎగైలాలో ఒక కువైటీ ఇంట్లో వంట చేసేది. పనివాళ్లంతా ఆ ఇంటి యజమానిని బాబా అనీ, ఇల్లాలిని మామా అనీ పిలిచేవారు. అక్క మామాను బతిమాలింది, మామా బాబా చెవిన వేసింది, బాబా తన స్నేహితుడికి ఒక మాట చెప్పాడు. ఆ స్నేహితుడికి ఖరీదైన ఆడియో సామాను అమ్మే దుకాణం ఉంది. అలా ఆయన నాకు కఫీల్, అంటే వీసా పూచీదారు అయ్యాడు, నా ఇఖామా, అదే నివాసపు అనుమతి, ఆ దుకాణం మీద పడింది. అంటే ఆ దుకాణం వద్దంటే కువైట్ కూడా నన్ను వద్దన్నట్టే. ఈ లెక్క నాకు ఎక్కదేమోనని అక్కకు అనుమానం. మొదటి శుక్రవారమే అబ్బాసియాలోని నా రూముకొచ్చి, రూములోవాళ్లందరి ముందూ కడిగేసింది. "అబ్బీ, నోరు అదుపులో పెట్టుకో. ఈడ నీ సభలు పెట్టేదానికి నిన్ను పిలిపించల్యా. నీ నోటి మీద నా కూడు గూడా ఉండాది, మర్చిపోవద్దు." నేను బుద్ధిగా తలూపాను. అంతటి వక్తకు తలూపడం పెద్ద శ్రమ కాదు.

దుకాణం మేనేజరు హైదరాబాదు మనిషి. అందరికీ భాయ్. మా టెక్నీషియన్లు మాత్రం చాటుగా "బంగారు చెవులు" అనేవాళ్లు. ఏ పెట్టె పెట్టినా కళ్లు మూసుకుని, తల వాల్చి, "ఈ పాటల గాలి ఉన్నది చూడు, ఆమె ఊపిరి తీస్తున్నది ఇనవడ్తలేదా" అనేవాడు. ఆయన భక్తి అంతా క్లాస్ ఎ ఆంప్లిఫయర్ మీద. తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. మామూలు ఆంప్లిఫయర్‌లో పాట అలను ఇద్దరు మోస్తారు, పైకి లేచే సగం ఒకడు, కిందికి దిగే సగం ఇంకొకడు. బరువు చేతులు మారేచోట చిన్న తొట్రుపాటు ఉంటుంది. క్లాస్ ఎ లో ఆ చేతుల మార్పిడి లేదు. అందరూ అన్నివేళలా మోస్తూనే ఉంటారు, పాట ఉన్నా, లేకపోయినా. అందుకని అది స్టాండులో నిలబెట్టి ఫుల్లుగా ఎక్సలేటరు తిప్పిన ఆటోలా కరెంటు తాగుతూ, పక్కన అప్పడాలు ఎండబెట్టుకోవచ్చునన్నంత వేడెక్కుతుంది. బయట ఎడారి, లోపల ఏసీ, ఏసీ ముందు ఈ కుంపటి. ఏసీ చప్పుడుకు సన్నటి స్వరాలు వినపడవని ఏసీ ఆపేసి, చెమటలు కారుస్తూ "ఎంత స్వచ్ఛత" అని మెచ్చుకునే కొనుగోలుదార్లను నేను కళ్లారా చూశాను.

సిద్ధాంతంతో నాకు పేచీ లేదు, తొట్రుపాటు నిజమే. ఇవాళ్టి మంచి ఆంప్లిఫయర్లలో అది మనిషి చెవికి అందనంత చిన్నదన్నదే నా వాదం. అదీకాక భాయ్ రెండు పెట్టెలు పోల్చి చూపేటప్పుడు క్లాస్ ఎ వంతు వచ్చేసరికి శబ్దం రవ్వంత పెంచేవాడు. (అదే పాట కొంచెం గట్టిగా వినిపిస్తే ఎవరికైనా బాగున్నట్టే ఉంటుంది. పెళ్లిళ్లలో బ్యాండువాళ్లకు కూడా ఈ శాస్త్రం తెలుసు.) మీటరు పెట్టి రెండూ సమం చేసి, గుడ్డ కప్పి వినిపిద్దామని నేను అడిగాను. ఒకసారి కాదు, టీ తాగినప్పుడల్లా అడిగాను. ఆయన ఓపికగా నా భుజం మీద చెయ్యేసేవాడు. "నువ్వు డిప్లొమా చదివినవ్, మంచిదే. గని చెవులకు డిప్లొమా ఉండది మియా. చెవులు కొందరికి ఉంటయ్, కొందరికి కళ్లజోడు పెట్టుకోనీకె ఉంటయ్." నాకు కళ్లజోడు ఉంది.

అంతలో మా బాబాగారే ఆంప్లిఫయర్ కొనడానికి బయల్దేరారు. ఉద్యోగం నుంచి విరమించి, తన దీవానియాకు కొత్త హంగులు దిద్దుకుంటున్నారు. దీవానియా అంటే ఇంటి ముందుభాగంలో మగవాళ్లు సాయంత్రాలు చేరే పెద్ద గది. కబుర్లు, పేకాట, గహ్వా అనే అరబ్బు కాఫీ, ఊద్ అనే తంత్రీవాద్యం మీద పాత పాటలు. భాయ్ ఆయనకు క్లాస్ ఎ ను ఆయన పాణిగ్రహణం చెయ్యవలసిన పెళ్లికూతురిలా పరిచయం చేశాడు. బాబా విని, బాగుందని, నా వైపు తిరిగి నీకేమనిపిస్తోంది అని అడిగారు. అక్క మాట గుర్తుంది. భాయ్ కళ్లు నా మీదే ఉన్నాయి. నా నోరు మాత్రం ఎవరి అనుమతీ అడగలేదు. "బాబా, ఆ రెండిట్లో ఏది మోగుతోందో చూడకుండా మీరు చెప్పలేరు, భాయ్ చెప్పలేరు, ఎవరూ చెప్పలేరు" అన్నాను. బాబాకు కోపం రాలేదు. పందెపు గుర్రాన్ని చూసినట్టు నన్ను చూసి, గురువారం సాయంత్రం రెండు పెట్టెలూ తీసుకుని ఇంటికి రమ్మన్నారు, స్నేహితులంతా ఉంటారని.

ఆయన కారు కదిలాక భాయ్ తలుపు వేశాడు. కోప్పడలేదు, అందుకే భయమేసింది. "ఆయన ఇంట్లో నువ్వు ఓడిపోతే, శనివారం దుకాణంకు రాకు. కఫీల్‌తోని నేను మాట్లాడ్త. ఇఖామా ఖలాస్. లేదంటే ఇప్పుడే ఫోన్ జేసి, నాది తప్పయింది బాబా, ఫరక్ తెలుస్తది అను. అంతే." అంత సుళువు. రెండే మాటలు. నేను ఫోను చెయ్యలేదు. ధైర్యమని పొగడకండి. తేడా తెలియదని తెలిసీ తెలుస్తుందని చెబితే, ఊరి కూడళ్లలో నేను ఎగరేసిన కనుబొమ్మలకు అర్థమేముంది?

గురువారం దీవానియా నిండుగా ఉంది. గోడ చుట్టూ దిండ్లు, దిశ్దాషాలనే తెల్లటి పొడుగు అంగీల్లో పెద్దమనుషులు, చలికాలాన్ని కొని తెచ్చి పెట్టినట్టు ఏసీ. అక్కనడిగి తెచ్చిన నీలం దుప్పటిని రెండు కుర్చీలకు తెరలా కట్టి, వెనక రెండు పెట్టెలూ పెట్టి, మీటరుతో శబ్దం సమం చేశాను. పాట ఆపినప్పుడల్లా స్పీకరు తీగలు పీకి, నాణెం ఎగరేసి, అది చెప్పిన పెట్టెకు తగిలిస్తాను. ఏది మోగుతోందో బాబా చెప్పాలి. తెర మీదుగా నా తల మాత్రం కనిపిస్తోంది. నాకది మా కూడలి బల్లలాగే ఉంది. ఎదురుగా సభ, మధ్యన కిటుకు, వెనక నేను. ఇంతలో గహ్వా పోసే మనిషి వచ్చాడు. ఇక్కడ చిన్న చిక్కు ఉంది. చాలనిపిస్తే ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపాలి, ఊపకపోతే పోస్తూనే ఉంటారు. నాకది తెలియదు. పెద్దల ఇంట్లో పోసింది వద్దనకూడదన్న మర్యాదతో నేను తాగుతూ, ఆయన తన మర్యాదతో పోస్తూ, ఇద్దరం ఒకరినొకరం గౌరవించుకుంటూ చాలాసేపు గడిపాం. పరీక్ష మొదలయ్యేసరికి నా గుండె ఊద్ కంటే ముందు తాళం వేస్తోంది.

మొదటిసారి బాబా సరిగ్గా చెప్పారు. కాకతాళీయం అనుకున్నాను. రెండోసారీ సరిగ్గానే. ఆ తర్వాత నాణెం ఎలా పడినా, నేను తీగ ఎక్కడ పెట్టినా, పాట మొదలవుతూండగానే ఆయన నవ్వుతూ "ఇది వేడిది", "ఇది మామూలుది" అంటూ పోయారు. ఒక్కటీ తప్పలేదు. స్నేహితులు తొడలు చరుచుకున్నారు. ఒకాయన లేచి బాబా చెవిని ముద్దు పెట్టుకున్నాడు. భాయ్ నా పక్కకొచ్చి, నాకు మాత్రమే వినిపించేట్టు, "ఇగ ఏమంటవ్?" అన్నాడు. లోపలి తలుపు సందులో అక్క కన్ను ఒకటి కనిపించింది. ఆ కన్ను నన్ను అప్పటికే కడప రైల్వే స్టేషన్లో దింపేసినట్టుంది.

చెయ్యి కడుక్కుంటానని లేచి వంటింటి వైపు పోయాను. అక్క నోట చీరచెంగు కుక్కుకుని నిలబడి ఉంది. "నీ సంఘమెక్కడ పోయిందిరా ఇప్పుడు? మామాకు నేనేం మొకం చూపియ్యల్ల? పోయి కాళ్లు పట్టుకో పో, చిన్నోడు తెలీక వాగినాడంటే వాళ్లే ఇడిచిపెడ్తారు." ఆమె మాటలు వింటూ కొళాయి కింద చెయ్యి పెట్టాను. చల్లనీళ్లు తగలగానే చెయ్యి చురుక్కుమంది. చూసుకుంటే కుడిచేతి వేళ్లు ఎర్రగా కమిలి ఉన్నాయి. క్లాస్ ఎ పెట్టె పక్కల వేడి పోవడానికి అల్యూమినియం రెక్కలుంటాయి. దాని వెనక తీగ తగిలించేటప్పుడల్లా వేళ్లు వాటికి తగిలేవి, నేను చెయ్యి వెనక్కి లాక్కుని ఊదుకునేవాణ్ణి. ఊదుకున్నప్పుడు నా మొహం ఎక్కడుంది? తెర పైన, అందరికీ ఎదురుగా. కనుబొమ్మలతో సహా.

ఆ కొళాయి దగ్గరే పెద్దగా నవ్వేశాను. నాకు మతి పోయిందనుకుని అక్క నా నెత్తిన తడిచెయ్యి పెట్టింది. "అక్కా, ఓడింది నా వాదం కాదు, నా మొహం" అన్నాను. "మొకమూ వాదమూ రెండూ కట్టగట్టుకుని ఇమానం ఎక్కుతాయి, చూస్తాండు" అంది అక్క.

తిరిగి వెళ్లి, నిండు సభలో నిలబడి, ఈ పరీక్ష చెల్లదని చెప్పాను. ఒక్కసారిగా గోల. ఓడినవాడు ఆట మళ్లీ మొదటినుంచి అంటే ఏ ఊళ్లో ఊరుకుంటారు? భాయ్ నా మోచెయ్యి పట్టుకుని, "యల్లా, నడువు" అన్నాడు. నేను నడవలేదు. "పరీక్ష తప్పు కాదు, పరీక్ష పెట్టినవాడి ఏర్పాటు తప్పు. నన్ను కూడా కప్పండి. అప్పుడు కూడా బాబా గుర్తుపడితే శనివారం దాకా ఎందుకు, రేపే వెళ్లిపోతాను" అన్నాను. వచ్చీరాని అరబ్బీలో అన్నదాన్నే తర్వాత హిందీలో మళ్లీ చెప్పాను, ఎవరికైనా అర్థం కాలేదేమోననే సందేహం మిగలకుండా. బాబా గడ్డం రుద్దుకుని, పిల్లాడి కోరిక తీరుద్దామన్నారు.

తెరను కిందికి దించి, రెండు పెట్టెలతో పాటు నేనూ దుప్పటి కిందికి దూరాను. మీరు జలుబు చేసినప్పుడు పసుపు వేసిన వేణ్నీళ్ల గిన్నె ముందు దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టారా? అదే, కాకపోతే గిన్నె బదులు క్లాస్ ఎ. కళ్లజోడు మసకబారింది, తాగిన గహ్వా అంతా నుదుటి మీదుగా బయటికొస్తోంది. సెల్‌ఫోను వెలుగులో నాణెం ఎగరేసుకుంటూ, తీగలు మారుస్తూ, ఊదుకుంటూ, సైన్సు కోసం ఉడికాను. బయటినుంచి చూసినవాళ్లకు నీలం కొండ ఒకటి మధ్యమధ్య కదులుతూ నిట్టూర్చినట్టుందని తర్వాత చెప్పారు. మొదటి పాటను బాబా రెండుసార్లు పెట్టించుకున్నారు. తర్వాత "వేడిది" అన్నారు. మోగుతున్నది మామూలుది. రెండోది సరిగ్గా చెప్పారు, మూడోది మళ్లీ తప్పు. నాణెం ఎగరేసి చెప్పినా అంతే వచ్చేది. అప్పుడు దుప్పటి కిందనుంచే భాయ్‌ను పిలిచి, మీరూ ఒకసారి కూర్చోండి అన్నాను. ఆయన గొంతు కొంచెం దూరం నుంచి వినిపించింది. "నాకు ఇయ్యాల జలుబు జేసింది."

దుప్పటి తీసేసరికి అందరికంటే ఎక్కువగా నవ్వుతున్నది బాబా. సంగతి ఆయనే చెప్పారు. "నాకు మొదటినుంచీ పాటలో తేడా వినపడలేదు. ఈ అబ్బాయి మొహంలో వినపడింది. చెడ్డ ముక్క వచ్చిన పేకాటగాడి మొహంలా అయ్యేది. ఎదుటివాడి మొహం చూడకుండా ఈ గదిలో నేనెప్పుడూ ముక్క వెయ్యలేదు." తర్వాత భాయ్ వైపు తిరిగి, అబద్ధం ఆడలేని మొహం దుకాణంలో ఒకటి ఉండటం మంచిదనీ, ఈ పిల్లాణ్ణి పంపెయ్యవద్దనీ అన్నారు. నా ఇఖామా మళ్లీ ఊపిరి పీల్చుకుంది. అంతటితో ఆగి, మర్యాదగా సెలవు తీసుకోవచ్చు కదా. ఆయన, "క్లాస్ ఎ ఇక్కడే ఉంచండి, కొంటున్నాను" అన్నారు. నేను ఆగలేకపోయాను. తేడా లేదని ఇప్పుడే తేలింది కదా బాబా, మరి అదెందుకు అని అడిగాను. భాయ్ నా కాలు తొక్కాడు, మడమ ఆనించి మరీ. బాబా మాత్రం ప్రశ్నను గౌరవించారు. "నాకు నచ్చింది. బరువుగా, వెచ్చగా, మన మధ్యన ఒక మనిషి కూర్చున్నట్టుంది. నచ్చిందని కొంటున్నాను బాబూ, వినిపించిందని కాదు." దీనికి ఎదురు వాదం కోసం బుర్రంతా వెతుకుతూనే మీటరు సంచీలో సర్దుకున్నాను.

వెళ్తూ వెళ్తూ వంటింటి తలుపు దగ్గర ఆగాను. అక్క నా చేతిలో అన్నం పొట్లం పెట్టి, గుసగుసగా అడిగింది. "గెలిస్తివా, ఓడితివా?"

"గెలిచినాక్కా."

"మరి ఆయప్ప ఆ కాలే పెట్టెనే కొన్నాడంట గదా."

నేను చెప్పులు వేసుకున్నాను. శనివారం దుకాణానికి వెళితే భాయ్ నన్ను వెనక మరమ్మతు గదికి మార్చాడు. కొనేవాళ్లతో మాట్లాడకూడదన్నది ఏకైక షరతు. అక్కడ ఆంప్లిఫయర్లు మాత్రమే ఉంటాయి, అవి ఎదురు చెప్పవు. ఆ బల్ల దగ్గరే పని నేర్చుకున్నాను. ఇప్పటికీ నా బతుకు ఆ పనిమీదే.

ఇప్పుడు అబ్బాసియాలో నా ఫ్లాటు హాల్లో ఒక పాత క్లాస్ ఎ ఉంది. వేడికి తాళలేక ఎవరో వదిలేసుకుంటే, బాగుచేసి తెచ్చుకున్నాను. పాట వినాలంటే నేను కూడా ఏసీ ఆపేస్తాను. మా ఆవిడ విసనకర్రతో వచ్చి, "ఇంతా జేసి దీంట్లో ఏముందో?" అని అడుగుతుంది. వినపడేదేమీ లేదు, నాకిష్టం అని చెబుతాను. ఈ చిన్న వాక్యం పలకడానికి నాకు జుట్టు నెరిసేదాకా పట్టింది. దుప్పటి కింద ఉడికిన ఆ కుర్రవాడు ఇప్పుడు వచ్చి నన్ను చూస్తే మెడ పట్టుకుని నిలదీస్తాడు. వాడి మీద నాకు కోపం లేదు, కొంచెం బెంగగా ఉంటుంది. వాడు అడిగింది నూటికి నూరుపాళ్లు సరైన ప్రశ్న. ఇష్టాన్ని ఇష్టమని ఒప్పుకుంటే నష్టం లేదు. దానికి శాస్త్రమని పేరు పెట్టి ఇంకొకరి నోరు మూయిస్తేనే పేచీ. ఆ పేచీ నేను ఇప్పటికీ మానలేదు, మానను కూడా.

కాబట్టి చదివింది చాలు, లేవండి. మీరు ప్రాణం పెట్టి వాదించే వస్తువు ఏదైతే ఉందో, దాన్నీ దాని పోటీదాన్నీ గుడ్డ కప్పి ఎదురుగా పెట్టించుకోండి. గుర్తుపట్టలేకపోతే, ఎవరి ముందు వాదించారో వాళ్ల ముందే ఆ మాట చెప్పండి. పరీక్ష పెట్టేవాణ్ణి కూడా గుడ్డి నమ్మకంతో వదలకండి, వాణ్ణీ దుప్పటి కిందికి తొయ్యండి. వాడు నేనైనా సరే.